దేవుడి కుండలో బియ్యం

మొన్న బందరులో ఒక పెళ్ళికి వెళ్ళాను. ప్రమాణాలు అయ్యాక, భోజనాలకి ముందు, ఒక కుర్ర పాస్టరుగారు లేచి చిన్న ప్రసంగం చేశారు. చిన్నది అని ఆయనే అన్నారు గానీ, ఆలోగా వంటవాళ్ళు రెండుసార్లు వచ్చి తొంగిచూసి వెళ్ళారు. అందులో ఒక కథ చెప్పారు. వెనకటికి గుడివాడ వైపు ఒక పల్లెలో ఒక పేద విధవరాలు తెలియక దేవుడి సొత్తు తిన్నదట. ఆవిడని నలుగురూ వేలెత్తి చూపకుండా ఆ ఊరి పాస్టరుగారు ఆ తప్పు తన నెత్తిన వేసుకుని, "ఇది నాది, నా ఇంటిది" అని సంఘం ముందు నిలబడి కన్నీళ్ళతో ఒప్పుకున్నారట. "కాపరి అంటే అలా ఉండాలి" అన్నారు కుర్ర పాస్టరుగారు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు.

పక్కన కూర్చున్న మా దూరపు వదిన నా మోచెయ్యి పొడిచింది. "మీ నాన్నగారి సంగతే కదూ?" అంది, అందరికీ వినపడేట్టు. చుట్టుపక్కల వాళ్ళు నావైపు తిరిగి చేతులు జోడించారు. నేను తల వంచుకున్నాను. ఎంత వినయమో అనుకుని ఉంటారు. నాకు మాత్రం నేలలోకి కూరుకుపోతే బాగుండు అనిపించింది. తర్వాత విస్తరి ముందు కూర్చున్నాను గానీ ముద్ద దిగలేదు.

ఆ కథలో ఆడమనిషికి పేరు లేదు. నేనూ పెట్టను. మా అమ్మ సంఘం పుస్తకంలో రాయడానికి ఒకసారి ఇంటిపేరు అడిగితే, "నా పేరు ఆయనకి తెలుసు గదండీ, ఇంకెందుకమ్మగారూ" అని నవ్వి వెళ్ళిపోయిన మనిషి. మేం పిల్లలం మామ్మ అనేవాళ్ళం. పెద్దవాళ్ళూ అలాగే అనేవారు.

మామ్మ పొట్టి మనిషి. నడక మాత్రం పొడుగు మనుషులది. కొంగు నడుం చుట్టూ బిగించి, ఎవరో వెనకనుంచి పిలుస్తారేమోనన్నట్టు విసవిసా నడిచేది. మా గుడి తాటాకు కప్పు గుడి. వర్షాకాలంలో ఒక మూల కారేది. అందరూ ఆ మూల వదిలేసి సర్దుకుంటే, ఆవిడ వెళ్ళి సరిగ్గా అక్కడే కూర్చునేది. "ఖాళీగా ఉంటే ఆయన బాధపడతాడండి" అనేది. ఆయనెవరో మేం అడగక్కర్లేదు. ఆవిడ నోట ఆయన అంటే ఒక్కడే.

ప్రార్థన చేస్తే కొత్తవాళ్ళు నవ్వాపుకోలేకపోయేవారు. మేమంతా దేవుణ్ణి నీవు అంటాం. మామ్మకి అలా నోరు తిరిగేది కాదు. "అయ్యా, పొద్దున్నే తమరు లేపారండి. కాళ్ళూ చేతులూ ఆడతన్నాయండి. చేలోకి వెళ్తన్నాను. మరి తమరి దయ." ప్రార్థన మొత్తం అంతే. కామందుగారి అరుగు కింద నిలబడి మాట్లాడినట్టే ఉండేది. ఒకసారి నాన్న నవ్వి, "దేవుడు తండ్రి కదమ్మా, నువ్వు అనొచ్చు" అన్నారు. "మా నాన్ననైతే అనేదాన్నేనండి. ఈయన పెద్దాయన గదండీ" అంది. నాన్న మరి దిద్దలేదు.

ఆవిడ ఎదురుగా ప్రసంగం చెయ్యడమంటే నాన్నకి లోలోపల భయం. మిగతా వాళ్ళు వింటారు, ఇళ్ళకి పోతారు. ఈవిడ విన్నది విన్నట్టు చేసేస్తుంది. ఒక ఆదివారం నాన్న, ఎవరితోనైనా మాటలు లేకుండా ఉంటే కానుక అక్కడే వదిలి, ముందు వెళ్ళి సమాధానపడి రమ్మని చెప్పారు. మామ్మ లేచింది. తెచ్చిన మూట నేలమీద పెట్టింది, బయటికి నడిచింది. కడుపునొప్పేమో అనుకున్నాం. దీవెన అయిపోయి అందరం గుమ్మం దాటుతుంటే వచ్చింది. మోకాళ్ళ దాకా తడిసి ఉంది. వెంట కాలువ అవతలి పేట మనిషి ఒకామె చేతిలో కొడవలితో బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది. బాతుల దగ్గర వాళ్ళిద్దరికీ తగాదా వచ్చి ఏడాదైందట. "సమాధానపడ్డామండి అయ్యగారూ. కావాలంటే ఈవిణ్ణి అడగండి" అంది మామ్మ. ఆ కొడవలి ఆమె ఏనాడూ గుడి మొహం చూసిన మనిషి కాదు. "అవునండి, పడ్డామండి" అని, బతుకు జీవుడా అని పరిగెత్తింది.

నవ్వుకున్నాం. ఊళ్ళో చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్నారు. నాన్న మాత్రం ఆ తర్వాత ఏదైనా గట్టిగా చెప్పబోయే ముందు ఆ కారే మూలవైపు ఒకసారి చూసి, కొన్ని మాటలు మింగేసేవారు.

"అయ్యగారు చెప్పిందల్లా అలా చేసేస్తే ఎలా మామ్మా?" అని నేనోసారి ఆటపట్టించాను. అప్పటికి నేను గుడివాడ హైస్కూల్లో చదువుతున్నాను. నాకన్నీ తెలుసన్న ధీమా ఉండేది.

"చెప్పింది చెయ్యడమే గదండీ మన వంతు. ఆయన దయ ఆయన వంతు. నాకున్నది ఆయనొక్కడే, పాపగారూ. ఆయన మొహం తిప్పుకుంటే నేనెక్కడికి పోనూ?"

మొగుడు పోయాడు, పిల్లలు దక్కలేదు. ఆ మాట ఆవిడ ఏడుస్తూ అనలేదు. కాలువకి నీళ్ళు ఎప్పుడు వదుల్తారు అన్నంత మామూలుగా అంది.

ఇక్కడ మా సంఘాల్లో ఉన్న ఒక అలవాటు చెప్పాలి. ఎసట్లో బియ్యం పోసేముందు ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేస్తుంది. అది దేవుడిది. పూటపూటా తీసింది ఆదివారం మూటగట్టి తెచ్చి, గుడిలో బల్ల పక్కన ఉన్న పెద్ద కుండలో పోస్తుంది. పాస్టరు ప్రార్థన చేస్తారు. ఆ బియ్యం పాస్టరుగారి ఇంటికి వస్తుంది. అంటే మా ఇంటికి. నేను పుట్టి పెరిగింది ఆ పిడికిళ్ళ మీదే.

ఒకసారి అమ్మ పంపితే మామ్మ గుడిసెకి వెళ్ళాను. ఆవిడ చేటలో బియ్యం పోసుకుని చెరుగుతోంది. నిండు గింజలు ఒక పక్క, నూకలు ఒక పక్క. నిండు గింజల్లోంచి పిడికిలి నిండా తీసి దేవుడి ముంతలో వేసింది. ఇంకో పిడికెడు తీసింది. అదీ ముంతలోకే. నూకలు తన కుండలో పోసుకుని పొయ్యిమీద పెట్టింది.

"నీకు నూకలా మామ్మా?"

"విరిగింది ఆయనకెలా పెడతామండి? నాకు పళ్ళు కదుల్తన్నాయి పాపగారూ. నూకలజావే హాయి."

ఆ మాటంటూనే పక్కనున్న వేయించిన చింతపిక్క ఒకటి నోట్లో వేసుకుని పటుక్కున కొరికింది. నాకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చి అమ్మకి చెబితే అమ్మకి నవ్వు రాలేదు.

అమ్మ చెడ్డది కాదు. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఇక్కణ్ణుంచి చదివితే మీకలా అనిపించవచ్చు. కుండ బియ్యంతో వంట చెయ్యడం ఎంత నరకమో చేసినవాళ్ళకే తెలుసు. ఊరందరి పిడికిళ్ళూ ఒకచోట పడతాయి. ఒకరిది దంపుడు బియ్యం, ఒకరిది మిల్లు బియ్యం, ఒకరిది పాతది, ఒకరిది నిన్న మొన్నటి కొత్తది. ఒకటి మెత్తబడి ముద్దయ్యేసరికి ఇంకొకటి పలుకుగానే ఉంటుంది. నాన్నకి కడుపులో పుండు. పలుకన్నం తిన్న రోజు చేత్తో కడుపు పట్టుకుని గోడకానుకుని కూర్చునేవారు. అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తలో, ఒక వానాకాలం, నాన్న బాగా చిక్కిపోయారు. అమ్మ చూసి చూసి, కుండ బియ్యం మూటగట్టి పక్కూరి షావుకారు కొట్టుకి పంపింది. ఆయన ఆ కలగాపులగం బియ్యం తీసుకుని, దానికి తగ్గట్టు కొలత తగ్గించి ఒకే రకం పాత బియ్యం ఇచ్చాడు. అన్నం మల్లెపువ్వులా ఉడికింది. "ఈమధ్య అన్నం బాగుంటోందే" అన్నారు నాన్న. ఎందుకు బాగుంటోందని అడగలేదు. నేనూ అడగలేదు. మారు వడ్డించుకున్నాను.

ఆ రోజుల్లోనే నాన్న ఇంకో ప్రసంగం చేశారు. కిందటి పంట పండగకి సంఘం తెచ్చిన కోడిని ఒక పెద్దమనిషి ఇంటికి పట్టుకెళ్ళి కూర వండించుకున్నాడని తెలిసి కోపం మీద చేసిన ప్రసంగం అది. దేవుడికని తీసింది మన కడుపులో పడకూడదన్నారు. తెలియక తింటే తెలిసిన రోజునే తిరిగి తెచ్చి పెట్టాలి, ఐదో వంతు కలిపి మరీ పెట్టాలి అన్నారు. ఆ పూట కోపంలో కారే మూలవైపు చూడ్డం మర్చిపోయారు.

ఊడ్పులు అయిపోయి కోతలు ఇంకా రాని రోజులవి. కూలీనాలీ ఉండదు. దాచుకున్న గింజలు అయిపోతాయి. అందరూ కొట్టుమీద పడతారు. ఒక పొద్దున మామ్మ మా పెరటి గుమ్మంలో నిలబడింది. కొంగులో మూట. అమ్మ రోటి దగ్గర పచ్చడి నూరుతోంది.

"అమ్మగారూ, దేవుడి బియ్యం దారితప్పి నా ఇంటికొచ్చాయండి. తెచ్చేశాను."

అమ్మ చేతిలో పొత్రం ఆగిపోయింది. "ఎక్కడివి?"

"షావుకారు చవగ్గా ఇస్తన్నాడని తెచ్చుకున్నానండి. నిన్న పొద్దోయి తెచ్చి, చూసుకోకుండా వండుకు తినేశాను. ఇయాళ చేటలో పోస్తే తెలిసింది. ఇన్ని ఇళ్ళ బియ్యం ఒకచోట ఇంకెక్కడుంటాయండీ, ఆయన కుండలో తప్ప? ఎవడో దొంగోడు తీసి అమ్మేసుంటాడు." మూట విప్పి అమ్మ ముందు పెట్టింది. "తిన్నదానికి బదులూ, అయ్యగారు చెప్పిన ఐదో వంతూ నా దగ్గర మిగిలిన పాత గింజల్లోంచి కలిపానండి. ఆ దొంగోణ్ణి కూడా క్షమించమని అడిగాను. తిన్నది నేను గదా, ముందు నా సంగతి చూడమన్నాను."

అమ్మ మొహం పాలిపోయింది. మూట తీసుకుంది. ఇంకేం చెయ్యగలదు? తీసుకోకపోతే ఎందుకో చెప్పాలి. మిగిలినవి కూడా మామ్మ కలిపేసిందంటే ఇంట్లో ఇంక గింజ లేదన్నమాటే. ఆ పూట ఏం తింటావని అమ్మ అడగలేదు. అడిగితే వచ్చే జవాబు అమ్మకి తెలుసు.

కొట్టుకి పంపడం ఆ రోజే మానేసింది అమ్మ. కానీ అప్పటికే ఇచ్చిన బియ్యం షావుకారు దగ్గర ఉన్నాయి. మళ్ళీ వారం మామ్మ మళ్ళీ వచ్చింది. మళ్ళీ మూట. ఈసారి గుమ్మం పట్టుకుని నిలబడింది. చెంపలు లోపలికి పోయాయి. ఆ చవక బియ్యం తప్ప ఇంకోటి కొనే తాహతు ఆవిడకి లేదు. వాటిని తినే తెగువా లేదు.

"ఆయన నన్ను పరీక్షిస్తన్నాడండి అమ్మగారూ. నేనేదో తప్పు చేసుంటాను. తినకుండా తెచ్చాను ఈసారి. చేటలో పోసి చూసుకుని మరీ తెచ్చాను."

ఆ మాట వరండాలో ఉన్న నాన్న విన్నారు. ఆవిడ వెళ్ళాక లోపలికి వచ్చి, "ఏమిటిది?" అన్నారు. అమ్మ దాచలేదు. నిలబడి మొత్తం చెప్పింది. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. నాన్న అరుస్తారనుకున్నాను. అరవలేదు. "తిన్నది నేను. ఎక్కడిదని అడగని వాణ్ణి నేను" అని మంచంమీద కూర్చుండిపోయారు. కాసేపటికి, "ఆదివారం అందరిముందూ చెప్తాను" అన్నారు. అమ్మ ఏడ్చింది గానీ వద్దనలేదు.

చెప్పారు. బల్ల దగ్గర కుండ పక్కన నిలబడి, ఏదీ దాచకుండా చెప్పారు. "మీరు దేవుడికి తెచ్చిన బియ్యం నా ఇల్లు కొట్టులో మార్చుకుంది. అది తెలియక కొనుక్కున్న మనిషి పస్తుండి తిరిగి తెచ్చిచ్చింది. ఆమె తప్పు లేదు. తప్పు నాది, నా ఇంటిది" అన్నారు. నేను చాపమీద గీతలు చూస్తూ కూర్చున్నాను. ఎప్పుడు అయిపోతుందా అని చూస్తున్నాను.

అప్పుడు కారే మూలలోంచి మామ్మ లేచింది. రెండు చెవులూ మూసుకుని ఉంది.

"అయ్యగారూ, వద్దండి! నా కోసం అబద్ధం ఆడొద్దండి! నా పాపం తమరు మొయ్యొద్దు." సంఘం వైపు తిరిగింది. "తిన్నది నేనండీ. చవక అని ఆశపడి తెచ్చుకుని తిన్నాను. నన్ను ఎవరూ ఏమీ అనకుండా అయ్యగారు మీదేసుకుంటన్నారు."

"కాదమ్మా, నిజమే చెప్తున్నాను" అన్నారు నాన్న.

ఎంత కాదంటే అంత పెద్దవారయ్యారు ఆ మనుషుల కళ్ళల్లో. మామ్మ ఏనాడూ అబద్ధమాడదని ఊరికంతా తెలుసు. ఎవరో ముందువరసలో వెక్కారు. ఇంకెవరో స్తోత్రం అన్నారు. చివరికి అందరూ కన్నీళ్ళతో వచ్చి నాన్న చేతులు పట్టుకున్నారు. జన్మలో ఒకే ఒక్కసారి మామ్మ నాన్న మాట వినలేదు, అది ఆరోజు. ఆ కథే కాలువలు దాటి, ఊళ్ళు దాటి, మొన్న బందరు పెళ్ళిపందిట్లో నా చెవిన పడింది. నాన్న తర్వాత ఎన్నోచోట్ల సరిదిద్దబోయారు. ఎవరూ నమ్మలేదు. కొన్నాళ్ళకి మానేశారు. మేం దివిసీమలో సంఘానికి మారాక మామ్మ పోయిందని కబురొచ్చింది. ఏటి అవతల ఉండి, ఆవిణ్ణి మట్టి చేసే వేళకి కూడా అందలేకపోయాం.

కానీ నన్ను తినేస్తున్నది గుడిలో జరిగింది కాదు. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో జరిగింది.

అందరూ వెళ్ళిపోయాక అమ్మ మామ్మ చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. పీట వేసింది. ముందు అన్నం తిను, తర్వాతే మాట అంది. కంచంలో అన్నం పెట్టబోతే మామ్మ లేచి నిలబడింది.

"ఈ ఇంట్లో ఉన్నదంతా దేవుడి బియ్యమే గదమ్మగారూ. తమరు తినొచ్చు, తమకి ఆయన ఇచ్చాడు. నేనెలా తింటానండి? మళ్ళీనా?"

ఎవరికి అన్యాయం చేశామో ఆవిడకి పెట్టడానికి మా ఇంట్లో మాది అంటూ ఒక్క మెతుకు లేదు. అమ్మ గరిటె కింద పెట్టి, గిన్నె తీసుకుని, పెరటి దారిన కామందుగారి ఇంటికి వెళ్ళింది. మా అమ్మ పెద్ద అభిమానస్తురాలు. చింతపండు నిండుకున్నా చెయ్యి చాపేది కాదు. ఆ ఎండలో గిన్నెడు బియ్యం అడిగి తెచ్చుకుని, చెంగు చాటున పట్టుకుని వస్తుంటే నేను గుమ్మంలోంచి చూశాను. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఇవి మా కుండవి కావు. అడుక్కొచ్చాను" అంది.

మామ్మ గిన్నెలో వేళ్ళు పెట్టి చూసింది. అంతా ఒకటే రకం. మొహం విప్పారింది. అమ్మ ఎసట్లో పొయ్యబోతుంటే చెయ్యి పట్టి ఆపింది. "ముందు ఆయనది తియ్యాలి గదండీ" అని, అందులోంచి పిడికిలి నిండా తీసి అమ్మ చేతిలో పోసింది. "ఆదివారం కుండలో వేసెయ్యండమ్మగారూ." అంటే మళ్ళీ మాకే.

అమ్మ, నేను, మా తమ్ముడు ముగ్గురం చూస్తుండగా తిన్నది. నాన్న వరండాలోంచి లోపలికి రాలేదు. నెమ్మదిగా, ఒక్క మెతుకు కింద పడకుండా తిని, కంచం తనే కడిగి బోర్లించింది. కొంగుతో చేతులు తుడుచుకుని అమ్మని అడిగింది.

"అమ్మగారూ, ఆయన దయ మళ్ళీ నామీదికి వచ్చిందంటారా?"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. తమ్ముడు నావైపు చూశాడు. మామ్మా నావైపు తిరిగింది. ఎవరో ఒకరు చెప్తేగాని కదలనన్నట్టు నిలబడింది. నేను ఆ పొద్దున కూడా మారు వడ్డించుకుని తిన్నదాన్ని.

"వచ్చింది మామ్మా" అన్నాను.

"పాపగారు చెప్పారంటే వచ్చినట్టేనండి" అంది. నా మాట కూడా వినేసింది. కొంగు నడుం చుట్టూ బిగించుకుని, విసవిసా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.